సిమెంటు గోడౌన్‌లో చదివిన కాస్టింగ్

ఉద్యోగం చేస్తూ కాస్ట్ అకౌంటెన్సీ పరీక్షలు ఎలా పాసయ్యారు మేడం అని ఇప్పటికీ పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఆ గొంతుల్లో ఒక ఆశ వినిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచానని, కునుకు రాకుండా కళ్లకు చన్నీళ్లు కొట్టుకున్నానని, పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చని నేను చెబితే వాళ్లకు బాగుంటుంది. నాలుగింటికి లేచిన మాట నిజమే. కూకట్‌పల్లిలో మా వీధికి నల్లా నీళ్లు ఆ వేళకే వచ్చేవి. బిందెలు నింపి, టిఫిన్ చేసి, మా పాపకు జడలు వేసి, మా ఆయన చొక్కా ఎక్కడుందో ఆయనకే చూపించి, రెండు బస్సులు మారి మాదాపూర్ చేరేసరికి ఇక పట్టుదలకు ఓపికెక్కడ మిగిలింది?

ముప్పై మూడేళ్లు కట్టడాల కంపెనీల్లో లెక్కలు చూసి, రిటైరై ఇంటికొచ్చాను. ఏ సంవత్సరం ఏ పదవి వచ్చిందో కాగితాల్లో ఉంది, అక్కడే ఉండనివ్వండి. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే సంగతి ఉంది. అందులో నేను మంచిదాన్నిగా కనిపించను. అందుకే ఇన్నాళ్లూ ఏ సభలోనూ చెప్పలేదు.

ఏడవ పర్యాయం

పరీక్షలు ఏటా రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ. గ్రూపుకు నాలుగు పేపర్లు. నాలుగూ ఒక్క దెబ్బకు గట్టెక్కాలి. ఒకదాంట్లో జారితే మిగతా మూడూ మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. ఈ పద్ధతి పెట్టిన మహానుభావులెవరో గానీ, వాళ్లు పొద్దున టిఫిన్ చేసి ఆఫీసుకు పోయిన బాపతు మాత్రం కాదు. నేను ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ ఏదో ఒకటి పోయింది. ఒకసారి ట్యాక్సు, ఒకసారి ఆడిటింగు, పోయినసారి పోయింది ఈసారి వచ్చి, పోయినసారి వచ్చింది ఈసారి పోయి. ఒళ్లు మండిపోయేది.

మా చర్చి పాస్టరు గారికి నేనంటే వాత్సల్యం. పరీక్షల ముందు ఆదివారాల్లో నా పేరెత్తి ప్రార్థన చేసేవారు. అంతవరకు సంతోషమే. కానీ ఆయన "ప్రభువా, మా సహోదరి కరుణ ఏడవ పర్యాయము వ్రాయుచున్నది" అని లెక్కతో సహా విన్నవించేవారు. ఎన్నోసారో దేవుడికి తెలియదా? తెలియనిది వెనక బెంచీల్లో ఆడవాళ్లకే. అప్పటినుంచి వాళ్లకూ తెలిసింది. కూరగాయల బండి దగ్గర కూడా "ఈసారన్నా అయిపోతుందా అమ్మా?" అని జాలిగా అడిగేవాళ్లు.

ఆఫీసులో ఓబుల్‌రెడ్డి గారు. మా అకౌంట్స్ మేనేజరు, కడప మనిషి. ఒక్క పరీక్షా పాస్ కాకుండానే అన్నేళ్లు లెక్కలు చూసినాయన. ఆ ఏడు ఆగస్టులోనే, ముందుగా అడిగితే మంచిదని, డిసెంబర్ లీవు కాగితం పట్టుకెళ్లాను. కళ్లద్దాల పైనుంచి చూశారు.

"మళ్లానా?"

"మళ్లీనే సార్."

"సిమెంటు ఎంతొచ్చె, ఎంత పోయె, ఎంతుండాది. ఇంతే గదమ్మా మన పని. దీనికి నాలుగు పేపర్లు ఎందుకు?"

"ఇదే చివరి అవకాశం సార్. ఈ డిసెంబర్‌తో పాత సిలబస్ అయిపోతుంది. ఇప్పుడు పోతే కొత్త పుస్తకాలు కొని అన్నీ మొదటికి రావాలి."

అది నిజం. పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ నుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని నేను మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగేదాన్ని. ఎవరు అడిగినా అడగకపోయినా "చివరి అవకాశం" అని చెప్పుకునేదాన్ని. ఓబుల్‌రెడ్డి గారు విసుక్కుంటూనే మూడు వారాల లీవుకు సంతకం పెట్టారు.

సైరన్ మోగితే క్లాసు

తొంభైల చివర అది. అప్పుడు హైటెక్ సిటీ అంటే ఒక అద్దాల భవనం, దాని చుట్టూ బండరాళ్లు, ఎర్రమట్టి, మా బోటి కంట్రాక్టర్ల రేకుల షెడ్లు. మేము ఆ పక్కనే ఇంకో ఆఫీసు భవనం కడుతున్నాం. పునాది తీయాలంటే ముందు మందు పెట్టి రాయి పేల్చాలి. రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నం ఒంటిగంటకూ సాయంత్రం ఐదున్నరకూ సైరన్ మోగేది. ఎర్రజెండాలు పాతి, పనులన్నీ ఆపి అందరూ దూరంగా పోవాలి. రెండో సైరన్ మోగేదాకా కదలకూడదు. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. మా రేకుల ఆఫీసు మీద రాళ్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి ఆఫీసువాళ్లు వెళ్లి దాక్కునే చోటు సిమెంటు గోడౌన్. దానికొక్కదానికే రాతిగోడలు, పైన స్లాబు.

నాకు రోజు మొత్తంలో ఎవరూ పిలవని సమయం అదొక్కటే. మా ఆయన పిలవడు, పాప పిలవదు, ఓబుల్‌రెడ్డి గారు కూడా పిలవలేరు. నా తోటి అకౌంటెంటు మూర్తిదీ అదే పరిస్థితి. కోనసీమ మనిషి, చాలా మర్యాదస్థుడు, అప్పటికి తొమ్మిదోసారి రాస్తున్నాడు. మేమిద్దరం సైరన్ మోగగానే పుస్తకాలు చంకనబెట్టుకుని గోడౌన్‌లోకి పరుగెత్తేవాళ్లం. బయట కొండ పేలుతుంటే లోపల మేము సరుకు తయారీ ఖర్చు లెక్కగట్టే ప్రాసెస్ కాస్టింగ్ చదివేవాళ్లం. ఎవరన్నా చూస్తే పిచ్చివాళ్లనుకునేవాళ్లు.

గోడౌన్ తాళాలు స్టోర్‌కీపర్ యాదగిరి దగ్గర ఉండేవి. సైటంతా యాదన్న అనేది. యాభై దాటిన మనిషి, నానక్‌రామ్‌గూడ సొంతూరు. సిమెంటును ఆయన పసిపిల్లలా చూసుకునేవాడు. బస్తాలు నేలకు తగలకుండా కింద చెక్కలు, గోడకు తగలకుండా మధ్యలో జానెడు ఖాళీ, ముందొచ్చినవి ముందు పోయేట్టు వరసలు. మాకు మాత్రం కూర్చోవడానికి ఏమీ లేదు. అందుకని మూర్తీ నేనూ బస్తాలు లాగి పడమటి గోడకు ఆనించి సోఫాలాగా వేసుకునేవాళ్లం.

"గోడకు ఆనియ్యకున్రి మేడం, చెమ్మ పడ్తది" అనేవాడు యాదన్న.

"అరగంటే కదా యాదన్నా!"

"సరే తియ్. కూసోన్రి, నేను సర్దుకుంట."

రోజూ మేము వెళ్లిపోయాక ఆ బస్తాలన్నీ మళ్లీ చెక్కల మీదికి ఆయనే ఎత్తి పెట్టేవాడు. ఒక్కోటి యాభై కిలోలు. ఎత్తేది ఎవరని మేము ఏనాడూ అడగలేదు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. మేము తెలుగులో రాసుకున్న ప్రశ్నల నోటుబుక్కు పట్టుకుని మమ్మల్ని అడగడం మాత్రం ఆయనకు భలే సరదా. అచ్చం ఇన్‌స్పెక్టరుగారిలా ముఖం పెట్టేవాడు.

"చెప్పున్రి మూర్తి సారు. నార్మల్ లాస్ అంటే ఏంది?"

"ఎంత జాగ్రత్తగా ఉన్నా పోయేదండి. సంచీ చిరుగుతుంది, కాస్త గాలికి లేస్తుంది."

"మరి అబ్‌నార్మల్ లాస్?"

"జాగ్రత్తగా ఉంటే పోకుండా ఉండేదండి."

"మేడం, మీరు చెప్పున్రి. నార్మల్‌గ పోయినదాని లెక్క ఎవరి మీద ఏస్తరు?"

"మిగిలిన మంచి సరుకు మీద" అన్నాను. "దాని ఖరీదులోనే ఇదీ కలుపుతాం."

యాదన్న నోటుబుక్కు దించి నావంక చూశాడు. "గిదేం న్యాయం మేడం? పోయింది ఎట్లనో పోయింది. మంచిగున్నదాని మీద ఏసుడేంది?"

"పుస్తకంలో అలాగే ఉంది. నాతో వాదించకు యాదన్నా, సైరన్ మోగుతుంది. తర్వాతది అడుగు!"

మర్చిపోకుండా ఉండాలని ఆ సూత్రాన్ని స్కెచ్ పెన్నుతో నేను కూర్చున్న బస్తా మీదే రాశాను. నోటుబుక్కు ఆయన చేతిలో ఉందాయె.

ఆగస్టు చివర వానలు. యాదన్న కూతురికి కాన్పు కష్టమై దవాఖానలో పెట్టారు. ఆయన రెండు వారాలు సెలవు పెట్టి తాళాలు మూర్తి చేతికిచ్చాడు.

"ఏం ఫికర్ లేదు, మంచిగ సదువుకోన్రి. లేసి పొయ్యేటప్పుడు బస్తాలు మాత్రం చెక్కల మీద పెట్టి పోన్రి. గంతే."

"అలాగేనండి, మీరు నిశ్చింతగా వెళ్లి రండి" అన్నాడు మూర్తి.

మేము పెట్టలేదు. ఒక్కరోజు కూడా పెట్టలేదు. ఎలాగూ రేపు మళ్లీ కూర్చుంటాం కదా అనుకున్నాం. ఆయన తిరిగొచ్చేసరికే ఆ వైపు బ్లాస్టింగ్ అయిపోయింది, గోడౌన్‌తో మాకు పని తీరిపోయింది. బస్తాల సంగతి బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. బుర్రలో అప్పటికి సూత్రాలు తప్ప ఇంకేదీ నిలవడం లేదు.

నా గొప్ప రిపోర్టు

సెప్టెంబర్‌తో అర్ధ సంవత్సరం ముగిసింది, సరుకు లెక్కబెట్టే పని ఓబుల్‌రెడ్డి గారు నాకు అప్పగించారు. గోడౌన్‌లోపల దుమ్ము. చీర పాడవుతుందని నేను బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూలీలు బస్తాలు మోసుకొచ్చి చూపించి మళ్లీ లోపల పెట్టారు. ఇరవై మూడు బస్తాలు రాళ్లయిపోయి ఉన్నాయి. గట్టిగా బిగిసి, గునపంతో కొట్టినా పగలనట్టు. వాటిని గేటు పక్కన కుప్ప పోయించాను.

"ఎలా గడ్డకట్టాయి యాదన్నా?" అని అడిగాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. "చెమ్మ పట్టినయ్ మేడం."

"చెమ్మ ఎందుకు పట్టింది?"

"వానలు గద" అని తల పక్కకు తిప్పుకున్నాడు.

నాకు లోపల ఎంత ఉత్సాహమో చెప్పలేను. పుస్తకంలో చదివింది మొదటిసారి నా కళ్లెదుట కనపడింది. అబ్‌నార్మల్ లాస్! ఆఫీసుకు వెళ్లి నాలుగు పేజీల రిపోర్టు రాశాను. ఇంగ్లీషులో, పరీక్ష జవాబులాగా, కింద గీతలు కొట్టి మరీ. నిల్వ నియమాలు పాటించి ఉంటే ఈ నష్టం జరిగేది కాదని, దీనికి స్టోర్‌కీపర్ నిర్లక్ష్యమే కారణమని తేల్చాను. ఓబుల్‌రెడ్డి గారు రెండుసార్లు చదివారు.

"ఫర్వాలేదే, ఆ చదువు దేనికో ఒకదానికి పనికొచ్చింది" అని సంతకం పెట్టి హెడ్డాఫీసుకు పంపారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేను ఆ రోజు ఇంటికి వెళుతూ పాపకు బాదుషా కొనుక్కెళ్లాను.

హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి యాదన్నను పిలిచి అడిగాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. యాదన్న చేతులు కట్టుకుని నిలబడి, "గోడౌన్ నాది సారు. తప్పు నాదే" అన్నాడు. చూశారా, ఒప్పుకున్నాడు అనుకున్నాను. నా రిపోర్టు నిజమని తేలిందనుకున్నాను. ఆయన సెలవులో ఉన్న రెండు వారాలు హాజరు పట్టీలో ఎర్ర సిరాతో ఉన్నాయి. ఆ పట్టీ నా మోచేతి కిందే ఉంది. తెరవలేదు.

యాదన్న దగ్గర తాళాలు తీసుకుని, జీడిమెట్లలో మా ఇనుప సామాను యార్డుకు గేటు కాపలాకు పంపేశారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను, మీరు కోపం తెచ్చుకోకండి. మనం చదివే చదువులో మనుషులుండరు. బస్తాలుంటాయి, శాతాలుంటాయి, "కారణం" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలితే మార్కులు పోతాయి కాబట్టి ఎవరో ఒకరి పేరు రాసేస్తాం. ఏ సరుకైనా లెక్కబెట్టే ముందు అది ఎక్కడుందో అక్కడికి వెళ్లి నిలబడండి. చీర పాడైతే ఉతుక్కోవచ్చు.

బస్తా మీద రాత

నవంబర్‌లో ఒక సాయంత్రం మమ్మల్ని బస్టాపు దాకా దింపే కంపెనీ జీపు ఆలస్యమైంది. చేతిలో పుస్తకం, కాళ్లు లాగుతున్నాయి. గేటు పక్కన ఆ రాళ్లయిన బస్తాల కుప్ప అలాగే పడి ఉంది. ఒకదాని మీద కూర్చున్నాను.

హాయిగా కూర్చోబుద్ధయింది. ఎందుకో అర్థం కాలేదు. రాయి మీద కూర్చుంటే గుచ్చుకోవాలి కదా. లేచి చూస్తే బస్తా మధ్యలో గుంట ఉంది. మనిషి కూర్చుంటే పడేంత గుంట. పక్క బస్తాలోనూ అలాంటిదే ఉంది, కాస్త చిన్నది. మూర్తి సన్నగా ఉండేవాడు. వంగి సంచీ మీద దుమ్ము తుడిచాను. స్కెచ్ పెన్నుతో నా చేతిరాత: "నార్మల్ లాస్ – మంచి సరుకు మీద."

మూర్తిని పిలుచుకొచ్చి చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది. చిన్న గుంటను చేత్తో తడిమి చూశాడు.

"ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనమండీ?" అన్నాడు. "ఆయనేమీ ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చోలేదు కదండీ, జీడిమెట్లలో ఉన్నారు. ఇప్పుడు చెబితే మన లీవులు ఎగిరిపోతాయి. పరీక్షలవగానే ఇద్దరం కలిసి వెళ్లి చెప్పేద్దామండి. నెల రోజులే కదా."

"చివరి అవకాశం" అన్నాను నేను.

"అదేనండి నేననేది."

ఒప్పుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెంటనే ఒప్పుకున్నాను. తొమ్మిది రోజులు రోజూ ఆ కుప్ప పక్కనుంచి నడిచి ఆఫీసుకు వెళ్లి, కుర్చీలో కూర్చుని, ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను. బాగానే ఎక్కింది కూడా.

జీడిమెట్ల గేటు

ఆ తొమ్మిది రోజుల తర్వాత ఆదివారం పాస్టరు గారు మళ్లీ మొదలుపెట్టారు. "ఏడవ పర్యాయము వ్రాయుచున్న మా సహోదరి యథార్థ హృదయమును ఎరిగినవాడవు" అన్నారు. ఎవరికి ఎరుక? నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆరాధన మధ్యలోనే లేచి బయటికొచ్చి, మా ఆయనకు పాపను అప్పజెప్పి, షేర్ ఆటో ఎక్కి జీడిమెట్ల వెళ్లాను.

మందుల ఫ్యాక్టరీల ఘాటుకు ముక్కు మండిపోతోంది. యార్డు గేటు దగ్గర స్టూలు మీద యాదన్న, మెడకు తువ్వాలు చుట్టుకుని దగ్గుతూ. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"అరె, మేడం! గిట్ల వచ్చిన్రేంది? మంచిగైంది, మీకే కబురు పెడ్దామనుకుంటున్న. మొన్న హెడ్డాఫీసు నుంచి కాగితమొచ్చింది. ఇంగ్లీషుల ఉన్నది, జర సదివి చెప్పున్రి."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. చదివాను. ఈ నెలాఖరుతో ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. కారణం కింద మూడు వాక్యాలున్నాయి. మూడూ నావే. నా రిపోర్టులోంచి కామాతో సహా ఎత్తి రాశారు.

"ఏం రాసిన్రు మేడం?"

"నెలాఖరుకు మానేయమంటున్నారు యాదన్నా."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అది చూసి నాకు దుఃఖం రాలేదు, పిచ్చి కోపం వచ్చింది.

"నీకు తెలుసు కదా! ఆ బస్తాలు మేము వదిలేసినవని తెలుసు కదా! నేను అడిగినప్పుడు వానలు అంటావేం? ఆ హెడ్డాఫీసు ఆయన ముందు తప్పు నాదే అంటావేం? నీకేమన్నా మతి పోయిందా యాదన్నా?"

"గట్ల ఒర్రకున్రి మేడం, జనం చూస్తున్నరు." ఆయన స్టూలు నావైపు జరిపాడు. "సెలవుకెళ్లి వచ్చేసరికే బస్తాలు బిగుసుకున్నయ్. అప్పుడే చెప్దామనుకున్న. మీరేమో దినాం చివరి చాన్స్, చివరి చాన్స్ అంటిరి. నేను చెప్తే మీ ఇద్దరి లీవులు పోతుండె. నన్ను తీసేస్తరని నాకేం ఎరుక? నాలుగు దినాలు తిట్టి ఊకుంటరనుకున్న."

"అయితే మాత్రం..."

"మీరే చెప్పిన్రు గద. పోయినదాని లెక్క మంచిగున్నదాని మీద ఏస్తరని." ఆయన నవ్వబోయాడు గాని దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అడిగాడు, "పరీక్ష ఎప్పుడు మేడం?"

నేను ఆ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. గేటు ముందు లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

సంతకం

సోమవారం పొద్దున్నే ఓబుల్‌రెడ్డి గారి గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. మూర్తి పేరు చెప్పలేదు. ఆయన పేరు ఆయనే చెప్పుకోవాలనుకున్నాను. చెప్పుకోలేదు.

ఓబుల్‌రెడ్డి గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"నీ కాగితం చూసి నేను సంతకం పెడ్తి. నా సంతకం చూసి వాళ్లు ఒక మనిషిని తీసేసిరి. నేను ఒక్క మాట అడగలా. నువ్వు పోయి చూడలా. ఇద్దరం కలిసి లెక్క తేల్చినాం."

"నాదే తప్పు సార్."

"నీదేలే. నాది గూడా." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "ఈ రిపోర్టు నువ్వే కొట్టేయల్ల. గోడౌనంతా మళ్లా తీసి, లోపల నిలబడి లెక్కబెట్టి, కొత్తది రాయల్ల. నెలాఖరు లోపల నేను దాన్ని చేతిలో పట్టుకుని హెడ్డాఫీసుకు పోతా. లీవు లేదు."

"పరీక్షలు సార్..."

"పరీక్ష రోజు మధ్యాహ్నం పో, రాసి రా. అంతకు మించి నన్నడగొద్దు. అడిగే ముఖం మనకు లేదు."

పరీక్షలకని పెట్టుకున్న లీవు గోడౌన్‌లో ఖర్చయింది. ఈసారి లోపలికి వెళ్లి, ఒక్కో వరస ముందు నిలబడి, ఏ బస్తా ఎక్కడుందో గీసి, నేను లాగి గోడకు ఆనించినవి ఏవో రాసి లెక్కబెట్టాను. చీరలు రెండు పాడయ్యాయి. ఓబుల్‌రెడ్డి గారు అన్నమాట ప్రకారం నెలాఖరుకు రెండు రోజుల ముందు హెడ్డాఫీసుకు వెళ్లారు. ఉద్యోగం తీసేయడం ఆగింది. తాళాలు మాత్రం వెంటనే రాలేదు. ఒక మనిషి తప్పు చేశాడని నమ్మడానికి వాళ్లకు నా నాలుగు పేజీలు చాలాయి. చేయలేదని నమ్మడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ యాదన్న జీడిమెట్ల గేటులోనే దగ్గాడు. ఆఫీసులంటే ఇంతే. మీరు చేరబోయే ఆఫీసు కూడా ఇంతే, ఇప్పుడే చెబుతున్నా.

పరీక్షలు రాశాను. మూడు పేపర్లు పాసయ్యాను. పోయింది కాస్టింగు. మార్కుల కాగితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియక పప్పు మాడబెట్టాను. పాత సిలబస్‌తో పాటు ఇన్నేళ్ల చదువూ వెళ్లిపోయింది.

మూర్తి పాసయ్యాడు. మూడు వారాలు ఇంట్లో కూర్చుని చదువుకుని, తొమ్మిదోసారికి గట్టెక్కాడు. ఆఫీసులో లడ్డూలు పంచాడు. నా బల్ల దగ్గరికి వచ్చి తల వంచుకుని "తీసుకోండి మేడం గారూ" అన్నాడు. తీసుకున్నాను. తిన్నాను కూడా, బాగానే ఉంది. ఆయన మీద కోపం చాలా ఏళ్లు పట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఆలోచిస్తే, తొమ్మిది రోజుల తేడా తప్ప మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

కథలో మంచివాళ్లకు మంచి జరగాలని మీకుంటే నన్ను క్షమించండి. ఏం జరిగిందో అదే రాస్తున్నాను.

ఇక చదవకూడదనుకున్నాను. కొత్త సిలబస్ పుస్తకాలు మా ఆయనే కొనుక్కొచ్చి నా సంచీలో పెట్టారు. వారం రోజులు అట్టలు కూడా తెరవలేదు.

ఏప్రిల్‌లో పక్క స్థలంలో మా రెండో భవనానికి పునాది మొదలైంది. మళ్లీ ఎర్రజెండాలు, మళ్లీ ఒంటిగంటకు సైరన్. అలవాటుకొద్దీ సంచీ తీసుకుని గోడౌన్ వైపు నడిచాను, గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపల యాదన్న. నడుముకు తాళాలగుత్తి. ఆ పొద్దునే జీడిమెట్ల నుంచి తిరిగొచ్చాడట.

"ఆడనే నిలబడ్డరేంది మేడం? రాన్రి, రాయి పడ్తది."

"ఇక్కడ కూర్చోను యాదన్నా. నిలబడతాను."

"ఎందుకు నిలబడ్తరు? గిటు చూడున్రి."

పడమటి గోడ వైపు చెయ్యి చూపించాడు. సిమెంటు బస్తాలన్నీ చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో, ఎప్పటిలా వరసగా ఉన్నాయి. వాటికి ఇవతల, గేటు దగ్గర ఎండకూ వానకూ పడి ఉన్న ఆ రాళ్ల బస్తాల్లోంచి ఓ ఎనిమిదింటిని మోయించుకొచ్చి, గోడకు ఆనించి బెంచీలాగా పేర్పించాడు. పైనున్నదాని మీద నా చేతిరాత ఇంకా చెరిగిపోలేదు.

"వీటి మీద కూసోన్రి" అన్నాడు. "ఇవి ఇగ ఖరాబ్ గావు."

బయట మొదటి పేలుడుకు గోడ అదిరింది. యాదన్న నా సంచీలోంచి కొత్త పుస్తకం తానే తీసి, దుమ్ము లేకపోయినా తుడిచి, నా చేతికిచ్చాడు.

"ఇరవై నిమిషాలే ఉన్నది మేడం. కూసోన్రి."

కూర్చున్నాను. గుంట నాకు సరిగ్గా సరిపోయింది.